పన్నెండు స్వరాలు తీసుకున్న మనిషి

మా పాత యూనియన్ వాట్సాప్ గ్రూపులో ఆయన ఫొటో వచ్చినప్పుడు నేను గోరుచిక్కుళ్ళకి ఈనెలు తీస్తున్నాను. పాస్‌పోర్టు ఫొటోని పెద్దది చేసి, చుట్టూ పూలదండ అతికించి, కింద "సీనియర్ కీబోర్డు ప్రోగ్రామర్ ఇక లేరు" అని పెట్టారు. వెంటనే దణ్ణాల బొమ్మలు వరసకట్టాయి. మధ్యలో కొత్తగా చేరినాయన ఒకరు "ఎవరండీ ఈయన?" అని అడిగితే, ఇంకొకరు "పాత సినిమాల్లో దయ్యం సౌండ్లు చేసేవారు" అని జవాబిచ్చారు. ఆ జవాబుకి కూడా రెండు దణ్ణాలు పడ్డాయి.

నేను ఏ బొమ్మా పెట్టలేదు. ఫోను బోర్లించి కూర పని చూసుకున్నాను. ఆ రోజు కూరలో ఉప్పు రెండుసార్లు పడిందని మా ఆయన చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఆయన పేరు రాయడానికి నాకు మొహం చెల్లడం లేదు. ఇండస్ట్రీలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్ళు తక్కువే కాబట్టి పెద్ద లోటేమీ ఉండదు. మ్యూజిక్ డైరెక్టర్లు "కీబోర్డు ఆయన" అనేవారు. మేనేజర్లు "పెట్టెలాయన" అనేవారు, ఎందుకంటే ఎక్కడికొచ్చినా ఆటోలో మూడు పెట్టెలు ఆయనతో పాటు దిగేవి. ఒకటి పాత కంప్యూటరు, ఒకటి కీబోర్డు. మూడోది ఏమిటో మాకు చాలాకాలం తెలియదు.

మేమంటే కోరస్ పాడే ఎనిమిదిమంది ఆడవాళ్ళం. పెళ్ళయి గుంటూరు నుంచి యూసుఫ్‌గూడ వచ్చేనాటికి నాకు వచ్చిన విద్య ఒక్కటే, చర్చి క్వయర్‌లో నిలబడి పాడటం. మా సందులోనే ఉండే రాజేశ్వరక్క అది విని నన్ను ఫిల్మ్ నగర్ కొండ మీది రికార్డింగ్ థియేటర్‌కి తీసుకెళ్ళింది. ఎనిమిదిమందిలో ఆవిడే పెద్ద. గాజులు తీసి రుమాల్లో మూట కట్టుకోవాలనీ, గరగరలాడే చీర కట్టుకు రాకూడదనీ, మైకు చుట్టూ నిలబడితే ఎవరి పాదం ఎక్కడుండాలనీ అన్నీ ఆవిడే నేర్పింది. అన్నిటికంటే ముఖ్యంగా నేర్పింది ఇంకొకటుంది.

"నీ గొంతు నీకే వినపడకూడదే అమ్మాయ్. వినపడిందంటే నువ్వు తప్పు పాడుతున్నట్టు" అనేది.

నిజంగానే అది మా పనిలో మొదటి నియమం. ఎవరి గొంతైనా విడిగా పైకి తేలితే, అద్దం వెనక కూర్చున్న ఇంజనీరు వేలు చూపించేవాడు. వేలు పడ్డవాళ్ళు ఒక అడుగు వెనక్కి వెయ్యాలి. మళ్ళీ పడితే ఇంకో అడుగు. ఆ తర్వాత ఇంటికే. ఏడేళ్ళపాటు నా మీద వేలు పడలేదు. ఎవరికీ వినపడకుండా పాడటంలో నాకు గట్టి పేరుండేది. అదేం పేరని మీరు నవ్వుకోవచ్చు గానీ, అప్పట్లో ఆ పేరు మీదే మా ఇల్లు సగం నడిచింది.

ఆయన మాకు మొదట ఒక తమాషా మనిషిలాగే కనిపించాడు. పొడుగ్గా, నల్లగా, చొక్కా జేబులో పెన్నుకి బదులు స్క్రూడ్రైవరు. బోరబండలో పుట్టి పెరిగినవాడు. పదిహేనేళ్ళ పిల్లయినా, మనవలున్న ఆవిడైనా ఆయనకి "అక్కా"నే. ఏ గదిలోకి వచ్చినా గుమ్మంలో అరనిమిషం ఆగి తల ఒక పక్కకి వంచేవాడు. తర్వాత లోపలికొచ్చి, "గీ ట్యూబులైటు పంచమంల మొత్తుకుంటున్నది" అనో, "ఫ్రిజ్జు ఇయ్యాల జర కింద పాడుతున్నది" అనో చెప్పేవాడు. మేం పకపకా నవ్వేవాళ్ళం. ఆయన మాత్రం జోక్ చేసినట్టు ఉండేవాడు కాదు. బోరబండలో ట్రాన్స్‌ఫార్మర్ కింద టేప్ రికార్డరు పట్టుకుని నిలబడితే, వైర్లు దొంగిలించడానికి వచ్చాడనుకుని కరెంటాఫీసువాళ్ళు పట్టుకెళ్ళి సాయంత్రం దాకా కూర్చోబెట్టారట. "మంచిగైంది. ఆ ఆఫీసుల ఫ్యాను సౌండు దొరికింది" అన్నాడు.

అలా పట్టుకొచ్చిన శబ్దాలతో ఆయన సొంతంగా సంగీతం చేసుకునేవాడు. భోజనాల టైములో, మ్యూజిక్ డైరెక్టరు కిందికి వెళ్ళాక, మాకు వినిపించేవాడు. కుక్కరు విజిల్‌ని పదహారు రెట్లు సాగదీస్తే అది విజిల్‌లా ఉండదు, ఈనబోయే గేదె మూలుగులా ఉంటుంది. దాని కింద ట్రాన్స్‌ఫార్మర్ హోరు. మధ్య మధ్య పట్టాల మీద లోకల్ రైలు చప్పుడుని ముక్కలు చేసి, తలకిందులు చేసి పెట్టిన తాళం. రాజేశ్వరక్క పెరుగన్నం కలుపుకుంటూ, "ఏంటండీ ఇది, ఎవరన్నా పోయారా?" అనేది. ఆయన ఏమాత్రం నొచ్చుకోకుండా, "ఇంకా పోలేదక్కా, పోబోతున్నరు" అనేవాడు.

సినిమావాళ్ళకి ఆ సంగీతంలో పనికొచ్చింది ఒక్కటే. చీకటి బంగళాలో తలుపు దానంతటదే తెరుచుకునే సీను రాగానే, "ఆ దయ్యం సౌండ్ కొంచెం ఇవ్వండి" అనేవారు. ఆయన నెలల తరబడి చేసుకున్నదాంట్లోంచి నాలుగు సెకన్లు కోసి ఇచ్చేవాడు. ఇచ్చాక ఆ రోజు భోజనానికి మాతో కూర్చునేవాడు కాదు.

ఆయన దగ్గర ఒక ఆట ఉండేది. ఏదో ఒక శబ్దం వినిపించి అదేమిటో చెప్పమనేవాడు. వయొలిన్ అనుకుంటే అది గుడిగంట. సన్నాయి అనుకుంటే అది ఆటో హారను. ఎందుకు పోల్చుకోలేకపోతున్నామని అడిగితే, "మొదలు కోసేసిన. శబ్దానికి మొదలే మొహం అక్కా. అది తీసేస్తే కన్నతల్లి సుత గుర్తుపట్టది" అనేవాడు.

ఇంకో చాదస్తం ఏమిటంటే, తను చేసిన సంగీతాన్ని టేపు మీదికి ఎక్కించేవాడు కాదు. ఒక క్యాసెట్ ఇవ్వండి, ఇంటి దగ్గర వింటాం అని మొహమాటానికి అడిగినా ఇచ్చేవాడు కాదు. "టేపుకెక్కిస్తే అది ఆడికే ఆగిపోతది. నాది ఇంకా నడుస్తున్నది" అనేవాడు. రోజూ దాంట్లో ఏదో ఒకటి మార్చేవాడు.

ఒకరోజు పొద్దున కోరస్‌కి పిలిచారు గానీ అసలు గాయకుడు రాలేదు. మధ్యాహ్నానికి రికార్డింగ్ రద్దు చేశారు. మిగతావాళ్ళు బయట మెట్ల మీద క్యారియర్లు విప్పుకున్నారు. నేనూ వెళ్ళబోతుంటే ఆయన పిలిచాడు.

"అక్కా, జర మీరొక్కరు ఆగున్రి. మీ గొంతు కావాలె నాకు. పన్నెండు స్వరాలు, ఒక్కోటి ఎనిమిది సెకన్లు. ఊపొద్దు, గమకమొద్దు. ఉత్త 'ఆ' అనున్రి."

"నాదెందుకండీ? రాజేశ్వరక్క ఉంది కదా" అన్నాను.

"ఆమె గొంతుల ఆమె కనపడ్తది. మీ గొంతుల ఎవరూ లేరు. తెల్లకాయితం లెక్క ఉంటది. దాని మీద ఏదన్న రాసుకోవచ్చు."

అది తిట్టో మెచ్చుకోలో తెలియలేదు. మెచ్చుకోలే అనుకున్నాను. అప్పుడాయన మూడో పెట్టె మీద చెయ్యి వేసి, ఆ మాట చెప్పాడు. దాచిపెట్టి తీసుకున్నాడని నేను ఎవరికీ చెప్పుకోవడానికి లేకుండా, స్పష్టంగా చెప్పాడు.

"ముందుగాల ఒకటి చెప్తున్న. మీ గొంతు దీంట్ల పెడితే, మీట నొక్కితే పాడుతది. ఎనిమిదిమంది పాడినట్టు చేయొచ్చు, ఎనభైమంది లెక్క చేయొచ్చు. తర్వాత మిమ్మల్ని పిలువరు. ఎవర్నీ పిలువరు. నేను తియ్యకుంటే ఇంకొకరు తీస్తరు, అది వేరే ముచ్చట. బయటికి పోయి వాళ్ళను అడిగి రాన్రి."

నేను నవ్వాను. "పెట్టె పాడితే ఎవరు వింటారండీ?" అన్నాను.

"వింటరు" అన్నాడు.

బయటికి వెళ్ళి అడగడానికి పది అడుగులు. తలుపు తీస్తే రాజేశ్వరక్క మాటలు వినిపిస్తున్నాయి. నేను వెళ్ళలేదు. ఆయన మాట నమ్మలేదన్నది సగమే నిజం. ఏడేళ్ళుగా నా గొంతు వినపడకుండా చూసుకున్నదాన్ని, ఒక మనిషి ఎనిమిదిమందిలో నా గొంతే కావాలన్నాడు. అడిగితే వాళ్ళు వద్దంటారని భయం. ఆ మిగతా సగం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

గాజులు తీసి, హెడ్‌ఫోను పెట్టుకుని, ఒక్కదాన్నే మైకు ముందు నిలబడ్డాను. చెవుల్లో వచ్చే గొంతు నాదేనని పోల్చుకోవడానికి నాకు రెండు స్వరాలు పట్టింది. ఒక్కో స్వరం పాడినప్పుడల్లా ఆయన ఒక ఫ్లాపీ డిస్కు తీసి, దాని మీద పెన్సిలుతో రాసి, పక్కన పెట్టాడు. పన్నెండు డిస్కులయ్యాయి. వాటిని స్టీలు డబ్బాలో పెట్టి, చెమ్మ పట్టకుండా గుడ్డలో కట్టిన బియ్యం మూట కూడా అందులో వేశాడు. బయటికొస్తే రాజేశ్వరక్క "ఏంటే ఇంతసేపు?" అంది. "మైకు టెస్టింగట" అన్నాను. నా కోసం ఆవిడ ఉంచిన మామిడికాయ పప్పు తిన్నాను.

ఆయన చెప్పినట్టే జరిగింది. ఏడాదిలో ఎనిమిదిమందిని పిలిచేచోట నలుగురిని పిలిచారు. తర్వాత ఇద్దరిని. తర్వాత మేనేజరు ఫోన్లో "ఈసారి కోరస్ లేదమ్మా, కీబోర్డులో అయిపోయింది" అనడం మొదలుపెట్టాడు. పెళ్ళి పాటలో, దేవుడి పాటలో, హీరో చచ్చిపోయే సీనులో, అన్నింట్లో నేనే పాడుతున్నాను. ఇంట్లో కూర్చుని టీవీలో వింటున్నాను.

మధ్యలో ఒకసారి కృష్ణానగర్‌లో ఆయన ఎదురుపడ్డాడు. రోడ్డు పక్కకి పిలిచి మెల్లగా చెప్పాడు. "సినిమాలకిచ్చిన దాంట్ల మొదలు కోసేసిన అక్కా. మీరని ఎవరికీ తెల్వదు. మీకు మాట రావద్దని. మొదలున్నది నా తాననే ఉన్నది, అది బయటికియ్య. దాంతోని నేనొకటి చేస్తున్న. వచ్చి వినున్రి ఎప్పుడన్న, మోతీనగర్‌లనే ఇల్లు." సరేనన్నాను. వెళ్ళలేదు. తర్వాత కనిపించినప్పుడల్లా అదే మాట అడిగేవాడు, ఇంకా కాలేదు గానీ వచ్చి వినమని. నేను అదే సరే చెప్పేదాన్ని.

రాజేశ్వరక్క కాస్ట్యూమ్స్ వాళ్ళకి హుక్కులు కుట్టి ఇచ్చే పనిలో చేరింది. భర్త అప్పటికే లేడు. స్వరాలు ఇచ్చిన తొమ్మిదేళ్ళకి, ఒక మధ్యాహ్నం ఆవిడని చూడ్డానికి వెళ్ళాను. కళ్ళజోడు ముక్కు మీదికి జారుతుంటే రవికెకి హుక్కులు కుడుతోంది. టీవీలో ఏదో సీరియల్ మొదలైంది. టైటిల్ పాట వెనక కోరస్. ఆవిడ సూది ఆపి విన్నది.

"పెట్టెకి గొంతెక్కడ్నుంచి వస్తుందే? పాడింది ఆడమనిషే కదా" అంది. "ఎవత్తో ఒకత్తి వెళ్ళి పాడి ఇచ్చింది. దాని గొంతు పడిపోను, ఎనిమిదిమంది నోటి దగ్గర కూడు లాగేసింది. నీకేమన్నా తెలిసిందా ఎవత్తో?"

"ఫారిన్‌దట అక్కా" అన్నాను.

"ఫారిన్‌దయితే మన 'ఆ' ఇంత శుద్ధంగా ఎలా పలుకుతుంది?" అని మళ్ళీ సూది ఎత్తుకుంది. శాపాలంటే నాకు నమ్మకం లేదు, మా పాస్టరు గారూ ఒప్పుకోరు. కానీ ఆవిడ తిడుతుంటే ఎదురుగా కూర్చుని వినడం వేరు. ఆవిడ మంచి చెవి ఉన్న మనిషి. ఇవాళ కాకపోతే రేపు పోల్చుకుంటుందనిపించింది. అక్కడి నుంచి లేచి తిన్నగా మోతీనగర్ ఆటో ఎక్కాను. నన్ను నడిపించింది పశ్చాత్తాపం అని రాసుకుంటే బాగుంటుంది గానీ, అది భయం.

ఆయన మేడ మీద రెండు గదుల్లో ఉండేవాడు. భార్య బళ్ళో టీచరు, ఇంట్లో లేదు. నన్ను చూడగానే ఆయన మొహం విప్పారింది. నేను నోరు తెరిచేలోపే కుర్చీ లాగి, దాని మీద దుమ్ము చొక్కా అంచుతో తుడిచి, "వచ్చిన్రా అక్కా, మంచి టైముకొచ్చిన్రు. ఇప్పుడు అయిపోయింది ఇది" అన్నాడు. డబ్బాలోంచి పన్నెండు డిస్కులూ ఒక్కొక్కటిగా మూడో పెట్టెకి తినిపించాడు. ఆ పెట్టె ఆపగానే అన్నీ మరిచిపోతుందట, రోజూ మళ్ళీ తినిపించాలట. ఫ్యాను ఆపాడు. కిటికీ మూశాడు.

నలభై నిమిషాలు. మొదట నా ఊపిరి. పాడబోయే ముందు నేను పీల్చుకున్న ఊపిరి. అది ఎంత సాగిందంటే గదిలో గాలి కదులుతున్నట్టుంది. దాని చివర్న 'ఆ' మొదలైంది, మొహంతో సహా. తర్వాత దాని పక్కన ఇంకో స్వరం, ఇంకోటి. నేను ఎనిమిదిమందినయ్యాను, వందమందినయ్యాను. ఒకరి మీద ఒకరు పడి, ఎవరూ ఎవర్నీ దాచకుండా, అందరూ విడివిడిగా వినపడుతూ పాడుతున్నారు. తర్వాత ఒక్కొక్కరే తగ్గిపోయారు. చివరికి ఒక్క గొంతు మిగిలి, అదీ ఊపిరైపోయింది. నా శవాన్ని నేనే చూసినట్టుంది. నిజం చెప్పాలంటే నాకు నచ్చింది కూడా. జన్మలో అంత నచ్చినది నేను వినలేదు. ఆ మాట నాలిక చివరికొచ్చింది. దాని వెనకే రాజేశ్వరక్క మాట కూడా వచ్చింది.

"ఎట్లున్నది అక్కా?" అన్నాడు. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, పరీక్ష రాసిన పిల్లాడిలా కూర్చున్నాడు.

"చెరిపెయ్యండి" అన్నాను.

ఆయనకి అర్థం కాలేదు. "ఏంది?"

"నా గొంతు. మీ దగ్గరున్నదంతా చెరిపెయ్యండి. నాకు వద్దు."

"సినిమాలోళ్ళ తాన ఉన్నది నా చేతుల లేదు. నా తాన ఉన్నది తుడుస్త. చాలా?" అన్నాడు.

"చాలు."

ఎందుకని అడగలేదు. మొదటి డిస్కు పెట్టి మీట నొక్కాడు. తుడవమంటావా అని కంప్యూటరు అడిగితే అవునన్నాడు. డిస్కు గరగరమని తిరిగింది. ఒక్కోదానికి నిమిషంపైనే పట్టింది. ఏడోది అయ్యాక లేచి, కుండలోంచి మంచినీళ్ళు తెచ్చి నాకు ఒక గ్లాసు ఇచ్చి, "ఇంకా ఐదున్నయి" అన్నాడు. నేను నీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాను. మిగతా ఐదూ తుడిచి, మూడో పెట్టె కూడా ఆపేశాడు. గేటు దాకా వచ్చి "మంచిదక్కా" అన్నాడు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్రపట్టింది.

నేను టేపుల కాలం మనిషిని. మా లెక్కలో పాట ఒకసారి రికార్డయితే అయినట్టే. పాడినవాళ్ళు చచ్చిపోయినా అది ఉంటుంది. ఆయన పాట ఆ కంప్యూటర్లో భద్రంగా ఉందనీ, నేను తుడిపించింది పక్కన పడున్న సరంజామా మాత్రమేననీ అనుకున్నాను. సినిమాలకి ఇంక కొత్తగా ఇవ్వకుండా చూశానని లోపల సంతోషించాను కూడా.

రెండేళ్ళకి రాజేశ్వరక్క పోయింది. ఆ గొంతు ఎవరిదో తెలియకుండానే పోయింది. తర్వాత నాకు థైరాయిడ్ ఆపరేషనైంది. గొంతు మాటకి పనికొస్తుంది, పాటకి రాదు. చర్చిలో పెదాలు కదుపుతాను. లాప్‌టాప్‌లు వచ్చి ఆయన పనీ పోయింది. చెక్‌పోస్టు దగ్గర ఎప్పుడైనా కనిపిస్తే "బాగున్నరా అక్కా" అనేవాడు. వచ్చి వినమని మాత్రం మళ్ళీ అనలేదు.

ఫొటో చూసిన నెలకి గానీ మోతీనగర్ వెళ్ళడానికి కాళ్ళు రాలేదు. ఆయన భార్య తలుపు తీసింది. రిటైరైన టీచరు, సన్నగా ఉంది. ఎల్లుండి మాసికమట. కోరస్ పాడేదాన్నని చెప్పుకోగానే చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

"కోరస్ నుంచి మీరొక్కరే వచ్చిన్రు. మిమ్మల్ని ఒకటి అడగాలె" అని టీ ఇచ్చి, లోపలి గది తెరిచింది. కంప్యూటరు మీద దుప్పటి తీసి మీట నొక్కింది. తెర మీద అంకెలు కిందినుంచి పైకి కదలడం మొదలైంది. గదిలో చప్పుడు లేదు.

"గిట్లనే నడుస్తుండె రోజూ. నలభై నిమిషాలు చూసుకుంట కూసుంటుండె. అయిపోయినంక ఆపి, అన్నానికి లేస్తుండె."

"సౌండేదండీ?" అన్నాను.

"లేదు. ఏ స్వరం ఎప్పుడు, ఎంతసేపు అనేదే దీంట్ల ఉంటదట. గొంతు వేరే డిస్కులల్ల ఉండె. ఎవరో కోరస్ అక్క గొంతట. తొమ్మిదేండ్లు చేసిండు దీన్ని. ఆమె ఒకనాడు వచ్చి, మొత్తం విని, తుడిచెయ్యమన్నదట. నేను బడి నుంచి వచ్చేసరికి ఖాళీ డిస్కులు ముందటేసుకొని కూసున్నడు. ఎందుకు తుడిచినవంటే, ఆమె విన్నది, విని వద్దన్నది, ఇగ ఉంచి ఏం చేస్త అన్నడు."

టీ గ్లాసు పక్కన పెట్టాను.

"పేరడిగితే చెప్పలే. చెప్తే ఆమెకు మాటొస్తదట" అందావిడ. "దవాఖానల పండినప్పుడు ఒక్కటే చెప్పిండు. ఆమె ఎప్పుడన్న వస్తే అడుగు, పన్నెండు స్వరాలు మళ్ళ పాడితే చాలు, తతిమ్మదంత దీంట్లనే ఉన్నది అన్నడు. ముసలిదైతది కదనయ్యా అన్న. గొంతు ఎట్లున్నా సరే అన్నడు. ఈ అర్ర కిరాయికిద్దామని అందరు అంటున్నరు, ఆమె కోసమే ఆపిన. మీకెరుకనా ఆమె ఎవరో?"

తెర మీద అంకెలు నడుస్తూనే ఉన్నాయి. నేనే అంటే సరిపోయేది. గొంతు ఎట్లున్నా సరేనని ఆయనే చెప్పి పోయాడు. నచ్చిందని కూడా అప్పుడే చెప్పి ఉండొచ్చు. ఆవిడ నా మొహంలోకి చూస్తోంది, కోపమేమీ లేదు, ఆశే ఉంది.

"తెలుసండీ" అన్నాను. "ఆవిడ పోయింది. చాలా ఏళ్ళయింది."

"అయ్యో" అని ఆవిడ కుర్చీలో కూలబడింది. "ఏం పేరు?"

"రాజేశ్వరి. మా అందరికీ పెద్దావిడ."

అంతకుముందు ఒక్క క్షణం కూడా ఆ పేరు అనుకోలేదు. నోటికొచ్చేసింది. రాజేశ్వరక్క నోటి దగ్గర కూడు లాగింది చాలక, చచ్చిపోయాక ఆవిడ నెత్తిన నా పని కూడా పెట్టాను.

ఆయన భార్య అంకెలు సగంలో ఉండగానే మీట నొక్కి ఆపేసింది. "మంచిగ చెప్పిన్రు. లేకుంటే ఇంకెన్నొద్దులు చూస్తుంటినో" అంది. కంప్యూటరు వరండాలోకి చేర్చడానికి నన్ను ఒక చెయ్యి పట్టమంది. ఇద్దరం కలిసి మోసి, మెట్ల పక్కన పాత పేపర్ల దగ్గర దించాం.

నేను చెప్పులేసుకుంటుంటే ఆవిడ లోపలికెళ్ళి కాగితం, పెన్ను తెచ్చింది.

"ఎల్లుండి ఆయన పేరు మీద దీపం పెడ్త. ఆమె పేరు మీద సుత ఒకటి పెడ్త. పాపం, ఏం మనసుల పెట్టుకొని వద్దన్నదో" అంది. "రాజేశ్వరేనా అన్నరు? ఇంటిపేరు?"

చెప్పాను. సరిగ్గా రాసిందో లేదోనని ఆవిడ కాగితం నాకు చూపించింది. సరిగ్గానే ఉందన్నాను.